రాణిగారు నాటని చెట్టు

మా రాజధానిలోని పెద్ద పార్కుకు నాలుగు గేట్లు. ఉత్తర గేటు దాటి లోపలికి వెళ్లగానే కుడివైపు ఒక నీలం బోర్డు కనిపిస్తుంది. పార్కు చరిత్రంతా దాని మీద పదకొండు పంక్తుల్లో రాసి ఉంటుంది. మిగతా పది పంక్తులకు నేను పూచీ పడను గానీ, ఏడో పంక్తి మాత్రం పచ్చి అబద్ధం. ఇది ఎవరో చెబితే విన్న మాట కాదు. ఆ అబద్ధం చెప్పింది నేనే.

నేను కాన్వెంటులో చదివినవాణ్ణి. అక్కడ అబద్ధమాడితే సిస్టర్లు నాలుక మీద సబ్బు రుద్దేవారు. దాంతో అబద్ధాలు మానలేదు గానీ, వాటిని శుభ్రంగా చెప్పడం అలవాటైంది. ఇన్నేళ్లలో నేను చెప్పినవన్నీ గాలికి పోయాయి. ఇదొక్కటే బోర్డెక్కింది, ఒక మనిషి బతుకుకు అడ్డంగా నిలబడింది. ఆ మనిషి మా అక్క భర్త. ఆ పార్కులో ముప్పై ఎనిమిదేళ్లు తోటమాలిగా చేశాడు.

బావ పొట్టి మనిషి. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకుంటే ఆయన ఒక పాత మేకు పెట్టుకునేవాడు. దాని పని ఆయన ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మొదలైంది. ఏ మొక్క నాటినా, పగిలిన కుండీ పెంకు ఒకటి తీసుకుని, దాని మీద మేకుతో తేదీ, తన పొడి అక్షరం గీకి, మొక్కకు తూర్పున భూమిలో పాతిపెట్టేవాడు. పొద అయితే మూరెడు దూరం, మాను అయ్యేదైతే పదడుగులు. ఎందుకలా అని పెళ్లయిన కొత్తలో అక్క అడిగిందట. ‘రేపెప్పుడైనా ఎవరైనా అడిగితే’ అన్నాడట. అడిగేవాళ్లెవరని అక్క నవ్వింది. నిజమే, ఎవరూ అడగలేదు. చివరికి అడిగిన రోజున ఏమైందో చెప్పడానికే ఇదంతా.

పార్కు చరిత్ర బోర్డు మీద పైనుంచి కిందకు నడుస్తుంది. బావకు మాత్రం అది కిందనుంచి పైకి తెలుసు. గునపం జానెడు దిగితే తలపిన్నులు, సీసా మూతలు. మూరెడు దిగితే సిపాయిల చొక్కా గుండీలు. ఇంకాస్త దిగితే గుర్రపు నాడాలు, ఎందుకంటే పార్కు కాకముందు అది గుర్రాల పాగా, అంటే లాయం. అంతకంటే కిందికి పోతే నల్లటి బురద, నత్తగుల్లలు. అంటే పాగాకు ముందు అదంతా చిత్తడి నేల. ఒకప్పుడు తిండికి కరువొచ్చి పూలమడులన్నీ పీకించి బంగాళాదుంపలు వేశారట. ఆ సంగతి బోర్డు మీద లేదు. కానీ ఇప్పటికీ గులాబీల మధ్య ఏటా ఒక దుంపమొక్క తల ఎత్తుతుంది. పై అధికారులు కలుపు అని పీకమంటారు. బావ మాత్రం, ‘మనకంటే ముందొచ్చింది, ఉండనీ’ అని దాని చుట్టూ పాదు చేసేవాడు.

ఇక ఆ చెట్టు సంగతి. బావ ఉద్యోగంలో చేరిన ఏడాదే ఎవరో పెద్దమనిషి పోతే, ఉత్తర గేటు దగ్గర ఆయన విగ్రహం పెట్టాలని ఆరడుగుల గొయ్యి తవ్వించారు. ఈలోగా ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లకు ఆ పెద్దమనిషంటే గిట్టదు. విగ్రహం రాలేదు, గొయ్యి మాత్రం మిగిలింది. అందులో నీళ్లు నిండాయి, కప్పలు చేరాయి. ఒక పై అధికారి భార్య చెప్పు అందులో పడ్డాక గానీ సూపరింటెండెంటుకు వేడి పుట్టలేదు. గొయ్యి పూడ్చాలంటే విగ్రహం ఫైలు మూయాలి, ఫైలు మూయాలంటే మంత్రిగారు సంతకం పెట్టాలి. సూపరింటెండెంటు బావను పిలిచి, పూడ్చెయ్యి, కానీ పూడ్చినట్టు ఎక్కడా రాయకు అన్నాడు.

పనిముట్ల గది వెనక కాలవలో ఒక నిద్రగన్నేరు మొక్క మోకాలెత్తున తనంతట తాను మొలిచి ఉంది. బావ దాన్ని వేళ్లతో సహా పెళ్లగించి తెచ్చి ఆ గోతిలో ఆకులకుళ్లు నింపి నాటాడు. ఆ వేసవిలో చెరువు నుంచి రెండు డబ్బాలతో, రెండు వందల అడుగుల దూరం, పొద్దున ఆరుసార్లు, సాయంత్రం ఆరుసార్లు నీళ్లు మోశాడు. రెండో ఏడు కాపలావాడి సైకిలు తగిలి కొమ్మ విరిగితే, తన గొడుగు విప్పి అందులో ఊచ తీసి దానికి కట్టు కట్టాడు. ఆ ఏడు వానాకాలమంతా తడిశాడు. మా అక్క కాపురానికి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. ఆదివారం కూడా చెట్టు చూసొస్తానని వెళ్లేవాడని, దాన్ని ‘నా సవతి’ అనేది.

నిద్రగన్నేరుకు ఒక గుణముంది, ఊరికే పెరిగిపోతుంది. ఇరవై ఏళ్లకు గేటంత మాను అయింది, ముప్పై ఏళ్లకు దాని నీడలో నలభై మంది కూర్చోగలిగారు. పొద్దు వాలగానే ఆకులు ముడుచుకుని నిద్రపోతుంది. చూసినవాడెవడైనా తాతల నాటి చెట్టే అనుకుంటాడు. నా అబద్ధానికి సగం బలం అక్కడినుంచే వచ్చింది.

నా ఆఫీసు పార్కుకు ఎదురుగానే. మధ్యాహ్నం అక్క కట్టిన టిఫిన్ డబ్బా తెచ్చుకుని ఆ చెట్టు కింద బెంచీ మీద బావతో కలిసి తినేవాణ్ణి. ఒకరోజు బావ చెరువు దగ్గర మోటారు పాడైతే అక్కడికి పోయాడు. నేనొక్కణ్ణే ఉన్నాను. మెడలో కెమెరా, చేతిలో డైరీ ఉన్న ఒకాయన వచ్చి, ఈ చెట్టు వయసెంత ఉంటుందండీ అని అడిగాడు. మర్యాదగా అడిగాడు. మర్యాదగా అడిగేవాణ్ణి వట్టి చేతులతో పంపడం నాకు చేతకాదు.

నూట పదేళ్లన్నాను. ఎవరు నాటారన్నాడు. ఒక దూరదేశపు రాణి అన్నాను. ఆవిడ ఊళ్లో పెద్దలందరికీ చేయి కలిపీ కలిపీ కుడిచెయ్యి వాచిపోతే, ఎడమచేతి తెల్ల తొడుగు తీసి ఆ చేత్తోనే మట్టి వేసిందన్నాను. ఆ తొడుగు గోతిలో జారిపడితే తీసే ధైర్యం ఎవరికీ లేకపోయిందనీ, చెట్టు దాని మీదే పెరిగిందనీ చెప్పాను. ఆయన కనురెప్ప వేయకుండా రాసుకున్నాడు. తొడుగు రంగు రెండుసార్లు అడిగాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ వినేవాడు ఉద్యానవన శాఖవారి చరిత్ర పుస్తకం రాస్తున్నాడని నాకేం తెలుసు?

పార్కుకు నూట పాతికేళ్లు నిండాయని మరుసటి ఏడు ఆ పుస్తకం అచ్చయింది. నీలం బోర్డూ వచ్చింది. ఆ బోర్డు స్తంభాలకు గోతులు తవ్వమని పురమాయించింది మా బావనే. తవ్వాడు, నిలబెట్టాడు, మట్టి కప్పి కాలితో తొక్కాడు. ఆ తర్వాత పైన అంటించిన కాగితం ఊడదీశారు. బావ ఒక్కొక్క పంక్తి కింద వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి ఏడో దాని దగ్గర ఆగిపోయాడు. ‘ఈ నిద్రగన్నేరు వృక్షాన్ని నూట పదేళ్ల క్రితం మన నగరాన్ని సందర్శించిన ఒక విదేశీ రాణి స్వహస్తాలతో నాటారు.’

ఆ పుస్తకం ఒక కాపీ ఇంటికి తెచ్చి అక్కకిచ్చాడు. అక్క తొడుగు దాకా చదివి, “ఇది మా తమ్ముడి తొడుగే” అంది. నన్ను పిలిపించారు. బావ అన్నం ముందు కూర్చుని ఉన్నాడు, కంచం ముట్టుకోలేదు.

“ఏ చేత్తో నాటిందోయ్ మీ రాణి?” అన్నాడు.

“ఎడమ” అన్నాను.

“ఎడమచేత్తో ఎవరైనా మొక్క నాటతారా?”

అంతే. ఆ తర్వాత పదిహేడు రోజులు నాతో మాట్లాడలేదు. అక్క మాట్లాడింది. ఆ పదిహేడు రోజులకూ సరిపడా ఒక్కపూటే మాట్లాడింది.

రిటైర్మెంటుకు అప్పటికి ఇంకా నాలుగు నెలలుంది. బావ జీవితంలో ఎవరినీ ఏమీ అడిగినవాడు కాదు. ఇప్పుడు అడగడం మొదలుపెట్టాడు. తన పేరు రాయమని కాదు. ‘పార్కు తోటమాలులు నాటినది’ అని, పక్కన అసలు సంవత్సరం వేస్తే చాలన్నాడు. అంత చిన్న కోరికను తీర్చగలిగిన మనిషి మాత్రం ఆ శాఖలో ఎక్కడా దొరకలేదు. రెండో అంతస్తులో చరిత్ర గుమాస్తా ఉంటాడు, ఆయన రాతకే బాధ్యుడు. బోర్డులవాళ్లు కింద షెడ్డులో ఉంటారు, వాళ్లు రంగుకే బాధ్యులు. చెట్లవాళ్లు వేరే భవనం. పొద్దున పని ముగించుకుని, చేతులు కడుక్కుని, మట్టి గోళ్లు ఎవరికీ కనబడకుండా కాగితం పట్టుకుని ఆ మూడు చోట్లకూ కాళ్లరిగేలా తిరిగాడు. ఒకచోట భోజనానికి వెళ్లారు, ఇంకోచోట సెలవు పెట్టారు, మరోచోట కాగితం ఎడమవైపు అంచు వదల్లేదని తిప్పి పంపారు.

చివరికి ఒకరోజు నేను కూడా వెంట వెళ్లాను. చేసిన పాపం ఒప్పుకుంటే పోతుందని సిస్టర్లు చెప్పారు కదా. చరిత్ర గుమాస్తా పాత ఫైలు తీయించాడు. దుమ్ము దులిపి చూసి, “పెద్దాయనా, రికార్డు ప్రకారం అక్కడ విగ్రహం పని జరుగుతోంది. బోర్డు ప్రకారం రాణిగారి చెట్టుంది. నువ్వు చెప్పేది మూడోది. మూడోదానికి ఫైలు లేదు” అన్నాడు.

నేను ముందుకు జరిగి, రాణి కథ నేను కల్పించిందే, పచ్చి అబద్ధమని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను పైనుంచి కిందదాకా చూశాడు.

“అప్పుడు అబద్ధం చెప్పానంటున్నారు. ఇప్పుడు నిజం చెబుతున్నారని ఏమిటి రుజువు?”

అరవై ఏళ్లకు దగ్గరపడ్డాక జీవితంలో మొదటిసారి నిజం చెబితే నా గతి అదీ. మరి చెట్టు వయసు తేల్చేదెలా అన్నాను. కొట్టేసి లోపలి వలయాలు లెక్కపెట్టడం ఒక పద్ధతట. అలా చేయించమంటారా అని బావను అడిగాడు. బావ అక్కడ ఒక్క క్షణం నిలబడలేదు. మెట్లు దిగుతూ, “నువ్వు ఇంకెక్కడా నోరు విప్పకు” అన్నాడు.

మూడు నెలలు అలాగే గడిచాయి. నెల రోజుల్లో పదవీ విరమణ అనగా ఆ శాఖకు కొత్త అధికారిణి వచ్చింది. మొదటిరోజే పార్కంతా నడిచి చూసింది. దుంపమొక్క చుట్టూ పాదు చూసి ఇదెవరు చేశారని అడిగింది. అలా మాటలో మాటగా బావ ముప్పై ఎనిమిదేళ్ల సంగతి, పెంకుల సంగతి చెప్పేశాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది. పెంకు భూమిలో ఉంటే అంతకంటే రుజువేం కావాలని, మంగళవారం పదింటికి గుమాస్తాను, ఫొటోగ్రాఫరును తీసుకొస్తానని, తేదీ కనబడితే ఆ రోజే బోర్డు దించుతానని మాటిచ్చింది.

ఆ సోమవారం బావ గునపానికి కొత్త పిడి వేయించాడు. మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులో మేకు మామూలే. అక్క కూడా వచ్చింది. ‘నా సవతికి పుట్టినరోజు పత్రం ఇస్తున్నారుగా, చూడొద్దూ’ అంది. తొమ్మిదిన్నరకే ముగ్గురం చెట్టు దగ్గరికి చేరాం.

అక్కడ మాకంటే ముందే ఇంకొకడు ఉన్నాడు. టేపు, సుద్దముక్క పట్టుకుని ఒక కొలతలవాడు గేటు నుంచి వరసగా చెట్ల మొదళ్ల మీద తెల్ల ఇంటూ గుర్తులు వేసుకుంటూ వస్తున్నాడు. ఉత్తర గేటు దగ్గర కార్ల పార్కింగ్ కడతారని అప్పటికి పదేళ్లుగా వింటున్నాం. వినీ వినీ ఎవరూ నమ్మడం మానేశాం. ఈసారి ఉత్తర్వు వచ్చేసిందట, రెండు నెలల్లో పని మొదలట. పదిహేడు చెట్లకు గుర్తు పడింది. వాటిలో పదకొండు బావ నాటినవే. నిద్రగన్నేరు దగ్గరికి వచ్చి వాడు సుద్ద జేబులో వేసుకున్నాడు.

“దీనికి వెయ్యవా?” అన్నాడు బావ.

“డెబ్బై ఐదేళ్లు దాటిన వాటిని ముట్టుకోకూడదని రూలండీ. అసలు ప్లానులో లిఫ్టు గది సరిగ్గా ఇక్కడే రావాలి. ఇంజినీరుగారు తల పట్టుకున్నారు. ఏం చేస్తాం, రాణిగారి పుణ్యమా అని బతికిపోయింది.”

వాడు సాగిపోయాడు. బావ గునపం మీద రెండు చేతులు పెట్టి నిలబడ్డాడు. నేను ఆయన మొహం చూశాను, అక్క నా మొహం చూసింది. ఏమైనా అనుకోవడానికి వ్యవధి లేదు, గేటు దగ్గర ఆఫీసు జీపు ఆగింది.

అధికారిణి నవ్వుతూ వచ్చింది. గుమాస్తా నవ్వకుండా వచ్చాడు. ఫొటోగ్రాఫరు కెమెరా సిద్ధం చేసుకున్నాడు. ఎక్కడ తవ్వుతారన్నది ఆవిడ. తూర్పున పదడుగులు. కళ్లకు గంతలు కట్టినా బావ గునపం అక్కడే దిగుతుంది. బావ చెట్టు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. తిరిగొచ్చి పడమటివైపు మొదలుపెట్టాడు.

అరగంట తవ్వాడు. రెండు సీసా మూతలు, ఒక గుండీ వచ్చాయి. దక్షిణాన తవ్వాడు. ఒక గుర్రపు నాడా వచ్చింది. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. ముప్పై ఎనిమిదేళ్లు ఆ నేలలో ఏది ఎక్కడుందో అరచేతిలా తెలిసిన మనిషి, కొత్తగా చేరినవాడిలా అటూ ఇటూ తడుముకుంటున్నాడు. దారిన పోయేవాళ్లు పదిమంది ఆగి, నిధి కోసమా అని ఒకరినొకరు అడుగుతున్నారు.

“అటువైపు కూడా చూద్దామా?” అంది ఆవిడ తూర్పు చూపిస్తూ.

“అటు వద్దమ్మా” అన్నాడు బావ. “అటు నీళ్ల పైపుంది.”

అక్కడ పైపు లేదు, ఎప్పుడూ లేదు. ఆయన నోటినుంచి అబద్ధం రావడం నేను వినడం అదే మొదలు. బాగా చెప్పలేదు కూడా, చూపు దించుకుని చెప్పాడు. నేనైతే పైపు ఎన్ని అంగుళాలో కూడా చెప్పేవాణ్ణి.

“మరి పెంకు ఏదయ్యా?” అన్నాడు గుమాస్తా.

“వయసు మీదపడిందండీ. ఎక్కడో పాతి ఎక్కడో అనుకుంటున్నా.”

“ముప్పై ఎనిమిదేళ్లు మొక్కలు నాటి, చివరికి రాణిగారి చెట్టుకే ఎసరు పెట్టావు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లను చూశాను గానీ, చెట్టునే నాదనేవాణ్ణి ఇప్పుడే చూడటం.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను ఒక అడుగు వేశాను. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు చిన్నప్పటిది, దానికి ఎదురు తిరగడం నాకు రాదు.

అధికారిణి మాత్రం నవ్వలేదు. ఆవిడకు అనుమానం వచ్చిందో, జాలేసిందో నాకిప్పటికీ తెలియదు. వ్యవహారం ఇక్కడితో ముగించాలి కాబట్టి ఒక కాగితం రాసివ్వమంది. గుమాస్తా జీపు బానెట్ మీద పెట్టి రాశాడు: ‘సదరు వృక్షమును నేను నాటియుండలేదు. నా దరఖాస్తును ఉపసంహరించుకొనుచున్నాను.’ బావ ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి చదివాడు. సంతకానికి జేబు తడుముకుంటే మేకు చేతికొచ్చింది. గుమాస్తా పెన్ను ఇచ్చాడు. ఆ తర్వాత తను తవ్విన రెండు గోతులు తనే పూడ్చాడు.

ఇంటికొచ్చాక నేనే ముందు నోరు విప్పాను. ఆవిడ మంచి మనిషిలా ఉంది, అసలు సంగతి విడమరచి చెబితే చెట్టునూ ఉంచి, పంక్తినీ మార్చేదేమో కదా అన్నాను.

“మంచిదే” అన్నాడు బావ. “మంచివాళ్ల చేతిలో కూడా ఉండేది ఆ రూలేగా. నిజం చెబితే చెట్టు చిన్నదైపోతుంది. నువ్వు కోసిన కోతే దానికిప్పుడు కంచె. ముప్పై ఎనిమిదేళ్లు నీళ్లు పోసింది నేను, ఆఖరికి నిలబెట్టింది నీ నోటిదూల. నాకు ఎంత ఒళ్లు మండుతోందో తెలుసా నీకు?”

తెలుసు అన్నాను.

“తెలీదు” అన్నాడు.

రెండు నెలలకు యంత్రాలు వచ్చాయి. అప్పటికి బావ రిటైరయ్యాడు. అయినా రోజూ వెళ్లి తాడు అవతల నిలబడేవాడు. చెట్లు పడి, వేళ్లు పైకి లేచినప్పుడల్లా మట్టిలో పెంకులు తేలేవి. పనివాళ్లు పక్కకు తన్నేసినవాటిని ఏరి, కడిగి ఇంటికి తెచ్చాడు. పదకొండు. మా అక్క వంటింటి కిటికీలో వరసగా నిలబెట్టి ఉన్నాయి. తేదీలన్నీ శుభ్రంగా కనబడతాయి. ఇప్పుడు వాటిని చూసి ఆ రోజు ఏ చెట్టు నాటారని ఎవరడిగినా బావ చెప్పగలడు. ఎవరూ అడగరు. పన్నెండోది ఇంకా భూమిలో, చెట్టుకు తూర్పున పదడుగుల దూరంలో ఉంది.

కార్ల పార్కింగ్ నుంచి బయటికొచ్చే దారి ఆ చెట్టు పక్కనుంచే. అందుకని దాన్ని చూసేవాళ్లు ఇదివరకటికంటే ఎక్కువయ్యారు. సాయంత్రాలు బావా నేనూ ఆ బెంచీ మీదే కూర్చుంటాం. నాతో మాటలు కలిశాయి గానీ, ఏడో పంక్తి వైపు చూసినప్పుడల్లా ఆయన దవడ బిగుసుకోవడం నాకు తెలుస్తూనే ఉంటుంది. మొన్న ఒక కుటుంబం వచ్చి ఆగింది. అందులో తండ్రి బావను ఉద్దేశించి, ఇది నిజంగా రాణి నాటిందేనా అని అడిగాడు. నేను గొంతు సవరించుకున్నాను. బావ చెయ్యెత్తి నన్ను ఆపాడు.

లేచి నిలబడి, “రాణిగారే నాటింది” అన్నాడు. “ఎడమచేత్తో.”

వాళ్లు వింటున్నారు.

“నీళ్లు మాత్రం నేను పోశాను” అన్నాడు.

“ఓహో” అన్నాడు ఆ తండ్రి మర్యాదగా. భార్యాపిల్లల్ని చెట్టు ముందు నిలబెట్టి ఫోను పైకెత్తాడు. కాసేపు అటూ ఇటూ జరిపి చూసి, దించి, “కొంచెం పక్కకు జరుగుతారా పెద్దాయనా, బోర్డు కనబడట్లేదు” అన్నాడు.

బావ జరిగాడు.